నీటి లెక్క ఎవరిది?

(ఒక పఠనమందిర వార్షికోత్సవ సందర్భమున గావింపబడిన ఉపన్యాసము)



“నీరు పల్లమెఱుగును, నిజము దేవుడెఱుగును” అని మనవారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. నీరు పల్లమును వెదకికొనుట ప్రకృతిధర్మము. దానిని మార్చుట ఎవ్వరి తరమును గాదు. కాని ఆ నీటి నిజమును దేవునికి విడిచిపెట్టి మనము చేతులు ముడుచుకొని కూర్చుండుట మాత్రము ధర్మము గాదు. నదిలో ఎంత నీరు వచ్చినది? జలాశయమున ఎంత నిలిచినది? ఏ కాలువకు ఎంత పోయినది? భూమిలోపల ఎంత మిగిలినది? ఈ నాలుగు ప్రశ్నలకును సమాధానము ఈ దేశమున ప్రతి పౌరునికిని తెలియవలెను. తెలిసికొనుటకు తగిన సాధనములు నేడు గలవు. తెలియజేయవలెనను పట్టుదలయే కొఱతగా నున్నది. నేటి సాయంకాలము మీ యెదుట విన్నవింపదలచినది ఈ విషయమే.

నీటిని కొలుచుట మనకు పరదేశీయులు నేర్పిన విద్య గాదు. వాననీటిని కొలుచుటకు కోష్ఠాగారమున ఒక పాత్ర నుంచవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించినాడు. ఏ దేశమున ఎంత వాన కురియునో కూడ అందు చెప్పినాడు. మన కడప మండలమున పోరుమామిళ్ల చెఱువును కట్టించిన విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు 1369వ సంవత్సరమున ఒక శాసనము వేయించెను. ఆ శాసనము దాతను కీర్తించి యూరకుండలేదు. మంచి చెఱువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, చెఱువునకు కలుగరాని దోషములను, కట్ట కొలతలను వివరించుటయే గాక, వేయిమంది కూలీలును నూఱు బండ్లును రెండేండ్లపాటు పనిచేసిన సంగతిని కూడ శిలపై చెక్కి నిలిపినది. చదువనేర్చినవాడెవ్వడైనను పోయి ఆ లెక్కను చూచుకొనవచ్చును. రాజు దానిని తన భాండారములోని పెట్టెయందు దాచుకొనలేదు.

గ్రామములందు ఈ పద్ధతియే మఱియొక రూపమున నిలిచినది. రాయలసీమలో నీరుగంటి, తెలంగాణమున నీరటి, తూము ఎంత యెత్తవలెనో, ఏ మడికి ఎంతసేపు నీరు పాఱవలెనో ఊరివారి కనుల యెదుటనే నడిపించుచుండెడివాడు. పక్షపాతము చూపినచో ఆ దినముననే చెఱువు గట్టుమీద నలుగురును నిలదీయుచుండెడివారు. వాని కొలతకు విలువ వచ్చినది వాని హోదావలన గాదు, చూచుచుండెడి నలుగురి వలన. ఈ ఒక్క మాటను మీరు జ్ఞాపకముంచుకొందురేని, నేను చెప్పబోవునదంతయు దాని విస్తరణమే యని గ్రహింతురు.

ధవళేశ్వరపు ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైన పిమ్మట నీటి లెక్క చెఱువుగట్టును విడిచి కార్యాలయపు దస్తరములలో ప్రవేశించినది. ఆనకట్ట మీదుగా పొంగిపోవు నీటి మట్టమును ప్రతిదినము చూచి పుస్తకములలో వ్రాసియుంచిరి. ఆ ఉద్యోగులు చేసినది గొప్ప సేవ. కాని ఆ పుస్తకములు ఒకనాడు కోట్లమంది ప్రజల భాగ్యమును నిర్ణయింపగలవని నాడెవ్వరును తలంచియుండరు.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1951లో కృష్ణా గోదావరీ జలములను పంచుకొనుటకై రాష్ట్రములు సమావేశమయ్యెను. 1956లో రాష్ట్రముల ఎల్లలు మాఱుటతో తగవు ముదిరినది. 1961లో కేంద్రప్రభుత్వము గుల్హాటీగారి అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. మఱుసటి సంవత్సరము ఆ సంఘము నివేదిక సమర్పించుచు, ఈ నదులలో ఎంత నీరు గలదో నిక్కముగా చెప్పుటకు చాలినన్ని ప్రవాహపు లెక్కలు లేవనియు, ముందుగా నదుల పొడవునను కొలత కేంద్రములు నెలకొల్పవలెననియు చెప్పెను. ఎంత విచిత్రము! అప్పటికి నాగార్జునసాగరమునకు పునాది పడి ఆఱేండ్లు గడచినవి. పంపకమును గూర్చి పదేండ్లు వాదించుకొంటిమి. పంచుకొనవలసిన ఆస్తి యెంతయో మాత్రము మనకు తెలియదు.

పిమ్మట 1969లో నియమింపబడిన బచావత్ న్యాయమండలి 1894-95 మొదలు 1971-72 వఱకు గల 78 ఏండ్ల ప్రవాహపు లెక్కలను ఆధారము చేసికొని, నాలుగేండ్లలో మూడేండ్లు తప్పక లభించునట్టి నీరు 2060 టి.ఎం.సి. యని తేల్చెను. ఆ ప్రకారము మహారాష్ట్రమునకు 560, కర్ణాటకమునకు 700, నాటి ఆంధ్రప్రదేశమునకు 800 టి.ఎం.సి.లు 1973లో కేటాయింపబడెను. మఱల 2010లో బ్రిజేశ్ కుమార్ న్యాయమండలి 1961-62 మొదలు 47 ఏండ్ల లెక్కలను చేకొని, అదే నిలుకడకు 2173 టి.ఎం.సి.లు లభించునని చెప్పెను. నది అదియే, నిలుకడ అదియే. ఎంచుకొన్న ఏండ్లు వేఱగుటచే లెక్క వేఱైనది. ఈ రెంటికిని గల వ్యత్యాసము 113 టి.ఎం.సి.

టి.ఎం.సి. యనగా నూఱు కోట్ల ఘనపుటడుగులు. సెకనుకు ఒక ఘనపుటడుగు చొప్పున ప్రవహించు నీటిని క్యూసెక్కు అందురు. ఇంచుమించు 11,574 క్యూసెక్కుల నీరు ఒక పగలు ఒక రాత్రి ఎడతెగక ప్రవహించినచో ఒక టి.ఎం.సి. యగును. ఈ చిన్న లెక్కను చేతబట్టుకొనిన పౌరుడు పత్రికలో చదివిన క్యూసెక్కులను తానే టి.ఎం.సి.లుగా మార్చి, వార్త నిజమో కాదో పరీక్షించుకొనగలడు. ప్రజలకు గణితము తెలియదని, కావున లెక్కలు చెప్పి ప్రయోజనము లేదని వాదించువారికి ఇదియే సమాధానము. రైతునకు తన పొలము లెక్క తెలియును. తన కాలువ లెక్క చెప్పినచో అదియు తెలియును.

ఇంతకును నదిలోని నీటిని ఎట్లు కొలుతురు? ఒడ్డున అడుగులు గుర్తించిన స్తంభమును నాటి, నీటిమట్టము ఎంతవఱకు వచ్చినదో చూతురు. నదికి అడ్డముగా అక్కడక్కడ లోతును, ప్రవాహవేగమును యంత్రముతో కొలిచి, ఏ మట్టమునకు ఎన్ని క్యూసెక్కులు పోవునో ఒక పట్టిక తయారు చేయుదురు. తరువాత మట్టము చూచి పట్టికనుబట్టి ప్రవాహమును చెప్పుదురు. ఇందొక చిక్కు గలదు. పెద్ద వఱద వచ్చినచో నది అడుగుభాగము కోసుకొనిపోవును, లేదా ఇసుక మేట వేయును. అప్పుడు పాత పట్టిక అబద్ధమాడును. జలాశయముల సంగతియు అట్టిదే. శ్రీశైలము పూర్తిమట్టము 885 అడుగులు. కట్టిన కాలమున ఆ మట్టమునకు 308 టి.ఎం.సి.లు నిలుచునని లెక్క; పూడిక చేరుటచే నేడు అదే మట్టమునకు 215 టి.ఎం.సి.లు మాత్రమే నిలుచుచున్నవి. నాగార్జునసాగరము 408 నుండి 312 టి.ఎం.సి.లకు తఱిగినది. పాత పట్టికను చూచి నిల్వ చెప్పువాడు లేని నీటిని ఉన్నట్లు చూపి రైతును నాట్లకు పురికొల్పినవాడగును.

నేడు ఈ పనికి నూతన సాధనములు వచ్చినవి. నీటిపై వంతెననుండి కిరణమును పంపి మట్టమును తెలిసికొను రాడార్ యంత్రములును, ధ్వనితరంగములతో లోతును వేగమును ఒక్కసారిగా కొలుచు పరికరములును గలవు. తాము కొలిచినదానిని మనుష్యుని సాయము లేకయే ఉపగ్రహము ద్వారా గాని, టెలిఫోను తరంగముల ద్వారా గాని గంటగంటకును కేంద్రమునకు పంపు ఏర్పాటును టెలిమెట్రీ యందురు. ఇట్టి పనుల కొఱకే 2016లో కేంద్రప్రభుత్వము సుమారు 3,680 కోట్ల రూపాయల అంచనాతో జాతీయ జలవిజ్ఞాన ప్రణాళికను మంజూరు చేసెను. 2018లో ఈ లెక్కలన్నిటిని ఒకచోట కూర్చి ప్రకటించుటకు జాతీయ జల సమాచార కేంద్రము ఏర్పడినది. ఇవి అభినందింపదగిన పనులు.

కాని యంత్రము వచ్చిన మాత్రమున విశ్వాసము రాదు. దీనికి మన ఇంటి కథయే నిదర్శనము. 2014లో రాష్ట్రము రెండైనది. విభజన చట్టము ప్రకారము కృష్ణకు ఒకటి, గోదావరికి ఒకటి యాజమాన్య మండలులు ఏర్పడినవి. 2015లో నాటి 811 టి.ఎం.సి.లను ఆంధ్రప్రదేశమునకు 512, తెలంగాణమునకు 299 చొప్పున తాత్కాలికముగా వాడుకొనుటకు ఒడంబడిక జరిగినది. నేను ముందు చెప్పిన 113 టి.ఎం.సి.ల వ్యత్యాసము ఈ 299లో మూడవ వంతునకు మించినదని గమనింపుడు. పంపకపు సంఖ్య యేర్పడినను, ఎవరు ఎంత తీసికొన్నారను ప్రశ్న తీఱలేదు. మీరు ఎక్కువ తోడుకొంటిరని వారును, మీరే విద్యుత్తు పేరిట దిగువకు విడిచిపెట్టితిరని వీరును, ఏటేటను నిందించుకొనుచునే యున్నారు. ఒకరి లెక్క నింకొకరు కాకిలెక్క యందురు. 2025 జూలైలో ఢిల్లీయందు ఇరు ముఖ్యమంత్రులును కేంద్రమంత్రి సమక్షమున సమావేశమై, కృష్ణపై నీరు తీసికొను తావులన్నిటను టెలిమెట్రీ అమర్చుటకు సమ్మతించిరి. రాష్ట్రము విడిపోయిన పదునొకండు సంవత్సరములకు, పంపకమును గూర్చి గాదు, కొలతను గూర్చి మాత్రము ఈ సమ్మతి కుదిరినది.

ఇందలి లోపము యంత్రములది గాదు. లెక్క ఒక పక్షమువారి చేతిలో నున్నంతకాలము రెండవ పక్షమువారు దానిని నమ్మరు, ఇది మానవస్వభావము. అన్నదమ్ములు ధాన్యము పంచుకొనునపుడు కుంచము ఎవరి ఇంట నున్నదని అడుగరా? కుంచమును కళ్లమున నడుమ నుంచి, ఊరివారు చూచుచుండగా కొలిచినచో మాత్రమే తగవు తీఱును. అట్లే పోతిరెడ్డిపాడు నుండి గాని, కల్వకుర్తి ఎత్తిపోతల నుండి గాని, సాగరపు కుడి ఎడమ కాలువల నుండి గాని ఏ గంటకు ఎంత నీరు పోవుచున్నదో, ఆ గంటకే కర్నూలు రైతును, పాలమూరు రైతును, గుంటూరు రైతును, నల్లగొండ రైతును ఒకే సంఖ్యగా చూడగలుగవలెను. అప్పుడు మంత్రులు ఆడవలసిన మాటలును తగ్గును, ప్రజలు నమ్మవలసిన పుకారులును తగ్గును.

ప్రజలకు తెలిసిన సంఖ్య ఎంత మేలు చేయునో భద్రాచలమువారిని అడుగుడు. అక్కడ గోదావరి 43 అడుగులు చేరినచో మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ఈ మూడు సంఖ్యలు పడవవానికి తెలియును, కొట్టువానికి తెలియును, బడిపిల్లలకు తెలియును. 1986 ఆగస్టులో గోదావరి అక్కడ 75.6 అడుగులు పొంగినది. 2022 జూలైలో 71.3 అడుగులు చేరినది. నీరు ఎంత పెరిగినచో ఏ వీధి మునుగునో అనుభవమువలన ఎఱిగియున్న ప్రజలు సంఖ్య వినగానే మూట కట్టుకొందురు. ఆ సంఖ్యకు వ్యాఖ్యానము అక్కఱలేదు.

ఇక రెండవ పక్షము చూడుడు. 2009 అక్టోబరులో శ్రీశైలమునకు సుమారు 25 లక్షల క్యూసెక్కుల వఱద వచ్చినది. కర్నూలు నగరము మునిగినది. 2024 సెప్టెంబరులో విజయవాడ ప్రకాశము బ్యారేజిని 11 లక్షల క్యూసెక్కులకు పైబడిన నీరు దాటినది. నగరమంతయు కృష్ణమ్మ వంక చూచుచుండగా, చిన్నదని తలంచిన బుడమేఱు గట్లు తెంచుకొని ఇండ్లలో జొరబడినది. కృష్ణ క్యూసెక్కులు ప్రతి నోటను వినవచ్చినవి. బుడమేఱు క్యూసెక్కులు మనలో ఎందఱికి తెలియును? పెద్దనదులకు మాత్రమే కొలబద్ద పెట్టి, వాగులను వంకలను విడిచిపెట్టినచో ప్రాణనష్టము తప్పదు. మనుష్యులు నివసించు తావులలో పాఱు ప్రతి యేఱునకును ఒక కొలబద్దయు, దాని సంఖ్యను వినిపించు ఒక గొంతుకయు కావలెను.

ఇంతవఱకు కంటికి కనబడు నీటిని గూర్చి చెప్పితిని. కనబడని నీటి సంగతి మఱింత విచారకరము. ప్రపంచమున భూగర్భజలమును అన్నింటికంటె అధికముగా తోడుకొను దేశము మనదే. బోరుబావి యెండిపోయి అప్పులపాలైన రైతు కుటుంబములు రాయలసీమలోను తెలంగాణమునను లేని గ్రామము అరుదు. పొరుగువాని బోరు రెండువందల అడుగులైనచో తాను మూడువందలు త్రవ్వించును. వాడు నాలుగువందలు త్రవ్వించును. క్రింద ఎంత నీరు గలదో ఇరువురికిని తెలియదు. గ్రుడ్డివారు ఒకే కుండలోనుండి త్రాగునట్లున్నది ఈ పోటీ.

ఈ చీకటిలో మన జిల్లాలవారే ఒక దీపము వెలిగించిరి. ఇరువది యేండ్లకు వెనుక ఉమ్మడి ఆంధ్రప్రదేశమున అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబునగరు, నల్లగొండ జిల్లాలలో, ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులు నడుపు భూగర్భజల యాజమాన్య కార్యక్రమము ఆఱువందలకు పైబడిన గ్రామములలో సాగినది. అందు రైతులే, పురుషులును స్త్రీలును, వానను తామే కొలిచిరి; బావులలోని మట్టమును నిర్ణీతకాలములందు తామే తాడు విడిచి కొలిచిరి; బోరు నిమిషమునకు ఎంత నీరు పోయుచున్నదో తామే చూచిరి. ఆ సంఖ్యలను ఊరి నడుమ గోడలపైనను పలకలపైనను వ్రాసిరి. రబీ నాట్లకు ముందు ఒకే వాగు పరీవాహమునందలి గ్రామములవారు సమావేశమై, ఉన్న నీరెంత, వేయదలచిన పైరులకు కావలసినదెంత యని జమాఖర్చు వేసిరి. వరి మానుమని ఎవ్వరిని ఎవ్వరును శాసింపలేదు. జరిమానా లేదు, చట్టము లేదు. లెక్క చూచిన పిమ్మట పెక్కు తావుల రైతులు తమంతట తామే వరిని తగ్గించి, తక్కువ నీటితో పండు పైరులకు మరలిరి. ఈ కృషిని ఇతర దేశములవారు వచ్చి చూచి, గ్రంథములందు వ్రాసికొనిరి. మనవారిలో ఎందఱు ఎఱుగుదురో చెప్పలేను.

ఇచ్చట కొన్ని ఆక్షేపణలకు సమాధానము చెప్పవలసియున్నది. నీటి లెక్కలు దేశరక్షణకు సంబంధించినవి, బహిరంగపఱుపరాదని కొందఱందురు. గంగా బ్రహ్మపుత్రా సింధునదులు పొరుగుదేశములతో ముడివడినవగుటచే వాని లెక్కలు రహస్యముగా నుంచబడినవి. ఆ న్యాయాన్యాయముల విచారణ యటుండనిండు. కృష్ణా గోదావరులు మన దేశముననే పుట్టి మన తీరముననే సముద్రమున గలియుచున్నవి. వీని లెక్కలను ఏ శత్రువునుండి దాచవలెను? రక్షణ కారణమున రహస్యములైనవి తప్ప తక్కిన జలసమాచారమంతయు ప్రజలయెదుట నుండవలెనని 2012 జాతీయ జలవిధానమే స్పష్టముగా చెప్పుచున్నది. కోరవలసినది క్రొత్త సిద్ధాంతము గాదు. అంగీకరించిన మాటను నిలుపుకొనుమనియే.

లెక్క బయటపడినచో ప్రజలు తప్పుగా అర్థము చేసికొని అలజడి చేయుదురని మఱికొందఱి భయము. అలజడి లెక్క తెలియనపుడే యెక్కువ. బోరుకు కొలబద్ద పెట్టినచో రేపు పన్ను వేయుదురేమో యని రైతునకును ఒక భయము గలదు. ఇది నిరాధారమైన భయమని నేననను. కావుననే ఒకని బావి లెక్క వాని పేరుతో గాక, ఊరి లెక్కగా ప్రకటింపబడవలెను. అది శిక్షకు గాక తెలివికి ఉపయోగపడవలెను. యంత్రములు చెడిపోవుననుటయు నిజమే. చెడిన యంత్రము చూపు సంఖ్య అసలు సంఖ్య లేకపోవుటకంటె ప్రమాదకరము. యంత్రమును కొనుటకు ధనమిచ్చు ప్రభుత్వము దానిని కనిపెట్టియుండు మనుష్యునికి కూడ జీతమీయవలెను. మన యోజనలలో మొదటిది కనబడుచున్నది, రెండవది తఱచుగా మఱువబడుచున్నది.

ఇతర దేశములు ఏమి చేసినవో కొంచెము చూతము. అమెరికాయందు 1889లో న్యూ మెక్సికోలోని ఎంబుడో అనుచోట రియో గ్రాండ్ నదిపై మొదటి ప్రవాహ కొలత కేంద్రము నెలకొల్పబడినది. నేడు అక్కడి భూగర్భ పరిశోధన శాఖ వేలకొలది కేంద్రముల సంఖ్యలను ఎవ్వరు కోరినను రుసుము లేకయే చూపుచున్నది. అయినను కాలిఫోర్నియాలో నీటి లెక్కలు పలు శాఖలలో పలు రీతుల చిందఱవందఱగా నుండుటచే, వానినన్నింటిని ఒక రీతికి తెచ్చి ప్రజలకు అందీయవలెనని 2016లో ఒక శాసనము చేయవలసివచ్చినది. అంత సంపన్నమైన రాష్ట్రమునకే చట్టము అవసరమైనపుడు, మనకు ఉత్తర్వులతో మాత్రమే పని జరుగునని తలంచుట పొరపాటు.

కావున మన రెండు ప్రభుత్వములనుండి ప్రజలు కోరవలసినవి నాలుగు. నదినుండి నీరు తీసికొను ప్రతి తావునను కొలత యుండవలెను. ఆ కొలతను ఇరుపక్షములకును చెందని సంస్థ పరీక్షించుచు, జలాశయముల పట్టికలను పూడిక చేరినకొలదిని తిరిగి సిద్ధపఱచుచుండవలెను. సంఖ్య పుట్టిన గంటలోపల, మెఱుగులు దిద్దకయే, అందఱికిని ఉచితముగా ప్రకటింపవలెను. ప్రకటించునది తెలుగున, రైతునకు తెలిసిన కొలతలలో నుండవలెను. ఇంగ్లీషు పట్టికలలో దాగిన నిజము పెట్టెలో దాచిన నిజముకంటె ఏ మాత్రమును మేలు గాదు.

ప్రభుత్వములు చేయవలసినది ఇది. మనము చేయదగినదియు ఒకటి గలదు. ఈ మందిరపు గోడమీద నల్లబల్ల యొకటి గలదు. దానిపై ప్రతి ఉదయము శ్రీశైలము, సాగరములలోని మట్టమును నిల్వను, నిన్న కురిసిన వానను, ఊరి నడుమనున్న బావిలోని లోతును వ్రాయుడు. వాన కొలుచు గొట్టమునకు కావలసిన ధనము పెద్దమొత్తము గాదు. పాఠశాల విద్యార్థులు వంతులవారీగా కొలిచి వ్రాయగలరు. ఒక సంవత్సరము గడచునప్పటికి మీ ఊరి నీటి చరిత్ర మీ చేతిలో నుండును. అధికారి వచ్చి ఒక సంఖ్య చెప్పినచో మీరు మీ సంఖ్యను చూపగలరు. రెండును కలిసినచో సంతోషము. కలియనిచో ఎందుకు కలియలేదో అడుగుటకు మీకు అధికారము కలుగును.

స్వరాజ్యమనగా మన పెద్దలు మన వ్యవహారములను మనము చూచుకొనుట యని చెప్పిరి. నీటికంటె మన వ్యవహారమైనది ఏది గలదు? రేపటి ఉదయముననే ఆ బల్లపై మొదటి సంఖ్యను వ్రాయుదురని ఆశించుచున్నాను.